సగం నోరు, సగం పేరు

కజ్జలపురం చూసి వచ్చినవాళ్ళెవరూ అక్కడి రాజభవనం గురించి చెప్పరు. గుర్రాలశాల గురించే చెబుతారు. నల్లరాతి స్తంభాల మీద కాళ్ళెత్తి దూకే గుర్రాల చెక్కడాలు, స్తంభానికో ఇత్తడి గంట, తేనెరంగు ఎండను నేల మీద గళ్ళు గళ్ళుగా పరిచే రాతి జాలీలు, గాలి వచ్చినప్పుడల్లా చల్లటి వాసన వేసే వట్టివేళ్ళ తడకలు. ఊళ్ళో ఇళ్ళన్నీ కారుతున్నా తలెత్తి చూడని ఆ ఊరి ప్రభువు ఘర్ఘరుడు, తన నూట ఒక్క గుర్రాల మీద మాత్రం చినుకు పడనివ్వడు. అతను మాంత్రికుడు కాబట్టి వానను ఆపడం అతనికి పెద్ద పనేం కాదు. బద్ధకంకొద్దీ ఇళ్ళ సంగతి వదిలేశాడంతే.

అంతటి వైభవంలోకి ఆ ఉదయం కుందనగిరి చిన్న యువరాజు నీలకేతు మారువేషంలో ప్రవేశించాడు. రెండు చేతులా నీళ్ళ బొక్కెనలు, చంకలో ఆకురాళ్ళ మూట, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన ముతక పంచె. అడుగుకోసారి నీళ్ళు కాళ్ళ మీద ఒలకబోసుకుంటున్నాడు. పులికి ఎదురు నిలిచి కొట్టిన వీరుడని అతనికి దేశమంతా పేరుంది. బొక్కెన మోయడం మాత్రం చిన్నప్పుడు ఏ గురువూ నేర్పలేదు.

అతని ముందు చెంగుచెంగున నడుస్తున్న అరవయ్యేళ్ళ ముసలావిడ పేరు సింగారవ్వ. గుర్రాల పళ్ళకు ఆకురాయి పట్టి నునుపు చేయడం ఆమె వృత్తి. ఏడాదికోసారి, వానలకు ముందు, ఆమె ఏ శాలకు వెళితే ఆ శాలలో గుర్రాలకు ఆ పూట కళ్ళెం తగిలించరు, సవారీ కట్టరు. చుట్టుపక్కల ఏడు రాజ్యాల్లోనూ అదే ఆచారం. రాజులు యుద్ధాలు కూడా ఆమె వచ్చి వెళ్ళాకే పెట్టుకునేవారు.

"ఎవరవ్వా ఈ కొత్త మనిషి?" అంటూ శాల పెద్ద వీరమల్లు సాహిణి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"మా పెద్దపాప మొగుడు లేప్పా," అంది సింగారవ్వ తడుముకోకుండా. "పని రాదు. తిండి మాత్రం ముగ్గురిది తింటాడు. సంగటి కెలికి కెలికి మా పాప సేతులు పడిపోతాంటే, పోనీలే అని ఎంటబెట్టుకొచ్చినా."

సాహిణి నీలకేతును ఎగాదిగా చూసి, "ఒళ్ళు మాత్రం బాగానే పెంచినాడే," అని నవ్వాడు. నీలకేతు చెయ్యి అలవాటుగా నడుము దగ్గర కత్తి కోసం వెళ్ళింది. కత్తి లేదు. వదిలేసిన బొక్కెన మాత్రం సాహిణి పాదం మీద పడింది.

"సూసినావా?" అంది సింగారవ్వ. "ఇదీ సంగతి."

ఇంత అవమానాన్ని నీలకేతు నోరు మూసుకుని భరించడానికి ఒకే ఒక్క కారణం ఉంది. అది అతని అన్న శరభకేతు.

శరభకేతుకు నవ్వు ఆపుకోవడం చేతకాదు. ఏడాది కిందట వేటకు వెళ్ళినప్పుడు ఈ ఘర్ఘరుడు ఎదురై, చేతులెత్తి, కళ్ళెర్రజేసి, భీకరంగా మంత్రం చదువుతూ మధ్యలో మూడుసార్లు తుమ్మాడు. శరభకేతు జీను మీంచి జారిపడేదాకా నవ్వాడు. కింద పడ్డవాడు రెండు కాళ్ళ మీద లేవలేదు, నాలుగు కాళ్ళ మీద లేచాడు. "నీ పేరు నీ నోటితో నువ్వే పలుకు, మళ్ళీ మనిషివైపోతావు," అని ఘర్ఘరుడు తన వంతు నవ్వు తాను నవ్వి, పగ్గం వేసి తోలుకుపోయాడు. ఏడాది నిండిన నాటి మధ్యాహ్నం ఘర్ఘరుడు మంత్రించి ఉంచిన నల్లకళ్ళెం నోట్లో పడిందంటే ఆ తర్వాత పలికినా లాభం లేదు. జన్మంతా గుర్రమే.

ఈ రహస్యం చెప్పింది మాంత్రికుడి వంటశాలలోంచి పారిపోయి వచ్చిన వంటవాడు. మంత్రం పడ్డ గుర్రానికి గొంతు ఉంటుందనీ, శాలలో ఏదో ఒక గుర్రం మాట్లాడబోయి బాధతో మూలగడం తాను విన్నాననీ అన్నాడు. ఆ మాట వినగానే, అక్కడే కుందనగిరి పట్టపుటేనుగు పక్కన కూర్చుని చుట్ట కాలుస్తున్న సింగారవ్వ, "గొంతుంది, మాట తిరగదు అంటే పండ్లు సూడాల్సిందే కదా," అంది. అట్లా మొదలైంది ఈ ప్రయాణం. ఏడాది నిండే రోజు ఇదే. మధ్యాహ్నం ఎంతో దూరంలో లేదు.

నూట ఒక్క గుర్రాలు. అందులో అన్న ఏది?

"మా అన్నను నేను గుర్తుపట్టలేనా అవ్వా!" అన్నాడు నీలకేతు గుండె మీద చెయ్యి వేసుకుని. "ఆ చూపు, ఆ రాజసం, ఆ నిలబడే తీరు..." అంటూ మొదటి వరుసలో మంచులాంటి తెల్లగుర్రం దగ్గరకు నేరుగా వెళ్ళి, దాని చెవిలో గద్గదంగా "అన్నయ్యా!" అన్నాడు.

తెల్లగుర్రం అతని తలపాగా కొరికి పీకింది.

"అది ఆడగుర్రం అబ్బీ," అంది సింగారవ్వ.

నీలకేతు రెండో వరుసలో నల్లగుర్రానికీ, మూడో వరుసలో చుక్కల గుర్రానికీ కూడా ఇదే మాట చెప్పాడు. నల్లది అతని మొహం మీద చీదింది. చుక్కలది చంకలో ఉన్న ఆకురాళ్ళ మూటలో బెల్లముందేమోనని వెతికింది. గుర్రం ఎక్కి పుట్టానని చెప్పుకునే నీలకేతుకు గుర్రాల గురించి తెలిసిందంతా జీను పైన సంగతులే. జీనుకు ముందు, ఆ పొడుగాటి మూతి లోపల ఏముంటుందో ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

సింగారవ్వ మాత్రం గుర్రాల ముఖాల వంక చూడటమే లేదు. కొంగు నడుముకు చుట్టి, వంగి, గుర్రాల కాళ్ళ కింద నేలను చూసుకుంటూ వరుసల వెంట పోతోంది. చివరి వరుసలో, తడక చినిగిన మూలగదిలో, పక్కటెముకలు లెక్కపెట్టగలిగేటట్టున్న ఒక గోధుమరంగు గుర్రం ముందు ఆగింది. దాని మేత తొట్టి చుట్టూ నేల మీద సగం నమిలి ఉమ్మేసిన గడ్డి ముద్దలు, తడితడిగా, నిమ్మకాయలంత.

"ఇట్ల రా అబ్బీ. ఇది తినేది సూడు."

గుర్రం గడ్డి అందుకుంది. నమిలింది. ఉలిక్కిపడి తల విదిలించి ముద్దను కింద పడేసింది.

"గుర్రమనేది ఎట్ల నమలతాది? దవడను పక్కకు తిప్పి, తిరగలి తిప్పినట్ల. దాని పండ్లు సచ్చేదాకా పెరుగుతానే ఉంటాయి, పక్కకు నమిలితేనే అరుగుతాయి. ఇదేమో పైకీ కిందికీ కొడతాంది, పప్పన్నం తిన్నట్ల. నమలడం తెలీని గుర్రం యాడన్నా ఉంటాదా? మనిషిగా పుట్టి, అమ్మ పెట్టిన ముద్దలు తిన్నోడే ఇట్ల నమిలేది."

ఆమె గుర్రం ముందుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్యనుండే ఖాళీలోంచి వేళ్ళు పోనిచ్చి, నాలుకను పక్కకు లాగి, నోరు తెరిచి చూపించింది. నీలకేతు తొంగిచూసి వెనక్కి తగ్గాడు. ఏడాదిపాటు అరగని పళ్ళు. పై దవడ పళ్ళ బయటి అంచులు, కింది దవడ పళ్ళ లోపలి అంచులు కొడవలి మొనల్లా పొడుచుకొచ్చాయి. పైవి బుగ్గలను కోశాయి, కిందివి నాలుకను కోశాయి. నాలుక కదిపితే చాలు, రక్తమే. ఇక 'శ' ఎక్కడ పలుకుతుంది, 'ర' ఎక్కడ పలుకుతుంది?

గుర్రం నీలకేతును కాసేపు తేరిపార చూసింది. ఊడిన తలపాగాను, తడిసిన పంచెను, చంకలో మూటను చూసింది. తర్వాత మెడ చాచి, పెదవులతో అతని జుట్టుముడి పట్టుకుని రెండుసార్లు లాగింది. చిన్నప్పుడు పాఠం వల్లెవేస్తూ కునికిపాట్లు పడితే అన్న వెనక నుంచి అట్లాగే లాగేవాడు.

ఏడాదిగా ఏడవడానికి కూడా తీరిక లేకుండా ఊళ్ళు పట్టి తిరిగిన నీలకేతు, ఆ ఎముకల మెడను కౌగిలించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అన్న దొరికాడు. ఇంత చిక్కిపోయి, ఇన్నాళ్ళు పస్తులుండి, అయినా తనను ఆటపట్టించడం మానలేదు. ఆ సంతోషమూ ఆ దుఃఖమూ రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఏడ్సింది సాలు," అంది సింగారవ్వ. ఆమె గొంతు కూడా కొంచెం మెత్తబడింది. "నాలిక పట్టుకో. గట్టిగా గుంజొద్దు, అది నీ అన్న నాలిక."

ముందుపళ్ళ మధ్య చెక్క అడ్డు బిగించి, పొడుగు పిడి ఉన్న ఆకురాయిని బుగ్గ వెంట లోపలికి పోనిచ్చి, ఆమె పని మొదలుపెట్టింది. గరగరమని చప్పుడు. కొమ్ము కాలినట్టు ఒక వాసన. నాలుగు రాపులు, ఒక చెంబెడు నీళ్ళు, వేలితో తడిమి చూడటం, మళ్ళీ నాలుగు రాపులు. "ఎక్కువ తీస్తే నమలడానికి ఉండదు, తక్కువ తీస్తే మాట్లాడటానికి ఉండదు," అని గొణుక్కుంటూ కుడివైపు పైవరుస ముగించి కిందివరుసకు వచ్చింది. నీలకేతు నాలుకను గాజుగిన్నె పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని, నుదుటి మీద చెమట తుడుచుకోవడానికి మూడో చెయ్యి లేదే అని బాధపడ్డాడు.

"ఏందవ్వా ఇది?" అని సాహిణి కుంటుకుంటూ వచ్చాడు. "పొద్దు నెత్తికెక్కతాంది. ఒక్క బక్కగుర్రానికే ఇంతసేపా? మిగతా నూరు ఎప్పుడు సేస్తావు?"

"నా అల్లునికి నేర్పిస్తా ఉండా కదప్పా. వాని బుర్రకెక్కేదానికి గుర్రం పండ్లు మళ్ళీ పెరిగేట్టుండాయి."

సాహిణి నవ్వాడు గాని కదల్లేదు. గోధుమ గుర్రం వంక అదోలా చూస్తూ అక్కడే నిలబడ్డాడు. సింగారవ్వ కుడివైపు ముగించి ఎడమవైపు ఆకురాయి పెట్టిందో లేదో, కోట బురుజు మీద మధ్యాహ్నపు కొమ్ము ఊదారు.

శాల తలుపులు రెండూ బార్లా తెరుచుకున్నాయి. ముందు నెమలిపింఛాల వింజామరలు, వెనక సాంబ్రాణి పొగలు, ఆ వెనక నల్లపట్టు అంగరఖా నేల మీద ఈడుస్తూ, మెడలో పులిగోళ్ళ దండతో, వేళ్ళకు పదిరంగుల ఉంగరాలతో ఘర్ఘరుడు విచ్చేశాడు. ఇంత అట్టహాసాన్నీ ఒక చిన్న సంగతి పాడుచేసింది. అతని కుడిబుగ్గ బూరెలా వాచి ఉంది. గడ్డం కిందనుంచి నడినెత్తి దాకా ఒక గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

"ఆ గోధుమదానికి కళ్ళెం తగిలించండి," అన్నాడు ఆచారాన్ని లెక్కచేయకుండా, మూలుగుతూ. ఒక భటుడు నల్లకళ్ళెం తెచ్చి సాహిణి చేతికిచ్చాడు. అంతలో మాంత్రికుడి చూపు సింగారవ్వ చేతిలోని ఆకురాయి మీద పడింది. "ఓ ముసలీ! నువ్వు పళ్ళు చూసేదానివి కదూ? మూడు రోజులైంది, ఈ పన్ను నన్ను చంపుతోంది. మంత్రం చదవాలంటే నోరు తెరవాలి, నోరు తెరిస్తే ప్రాణం పోతోంది."

"అయ్యో, మాదొరకు ఎంత కష్టమొచ్చె!" అంటూ సింగారవ్వ ఆకురాయిని నీలకేతు చేతిలో కుక్కి, నడుముకు వేలాడే సంచిలోంచి ఇంకో చెక్క అడ్డు తీసింది. "ఇట్ల కూకో సామీ, ఈ తొట్టి మీద. నోరు తెరువు. ఇంకా. గుర్రాలు కూడా ఇంతకంటే బాగా తెరుస్తాయి సామీ. ఆఁ, ఇప్పుడు సరిపోయింది." టక్కుమని చెక్క అడ్డు మాంత్రికుడి పళ్ళ మధ్య బిగుసుకుంది.

"ఆఁ ఆఁ?" అన్నాడు ఘర్ఘరుడు.

"మాట్లాడొద్దు సామీ. మాట్లాడితే లోపల పురుగు మేలుకుంటాది."

భూమినీ ఆకాశాన్నీ కలపగల నోరు, బెత్తెడు చెక్కముక్క అడ్డుపడి, ఒక్క అక్షరమైనా పలకలేక అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది. కాని సాహిణికి ఆజ్ఞ అందింది. నల్లకళ్ళెం పట్టుకుని అతను గోధుమ గుర్రం వైపు అడుగులేశాడు.

నీలకేతు ఆకురాయిని ఎడమ బుగ్గలో పెట్టి, వచ్చినట్టు నాలుగు రాపులు రాశాడు. అది చిగురుకు తగిలింది. గుర్రం అతని కాలు తొక్కింది. ఇంకో ఐదు అడుగుల దూరంలో సాహిణి. ఇక అరగదీసేందుకు వ్యవధి లేదు. నీలకేతు అడ్డుచెక్క లాగేసి, అన్న చెవిలో, "అన్నయ్యా, ఇక ఆగలేం. నొప్పి ఓర్చుకో. పలుకు!" అన్నాడు.

గుర్రం గొంతులో ఏదో గురగురమంది. నునుపైన కుడిపళ్ళ వైపు నాలుక తిరిగింది.

"శ..." 

సాహిణి చేతిలో కళ్ళెం గలగలలాడింది.

"ర... భ..."

అక్కడ నాలుక ఎడమవైపు మళ్ళింది. అటువైపు మొనలు కసుక్కున దిగాయి. "కే" అనబోయిన గుర్రం బాధతో అరిచింది. ఆ అరుపు సగంలో మనిషి అరుపైంది.

మిరుమిట్లు గొలిపే మెరుపు మెరిసి, ఇత్తడి గంటలన్నీ వాటంతట అవే మోగాయి. పొగ విడిపోయాక చూస్తే, నాలుగు గిట్టలు గిట్టలే, తోక తోకే, జూలు జూలే. జూలు చివర మాత్రం గుర్రం తల పోయి శరభకేతు తల ఉంది. అందమైన ముఖం, పాతముక్కు, పాతమీసం. ఎడమబుగ్గ ఒక్కటే ఉబ్బి ఉంది, ఆ పక్క లోపలున్నవి ఇంకా గుర్రపు పళ్ళే కాబట్టి. సగం పేరుకు సగం మనిషే వచ్చాడు. ఇప్పుడు ఏ మాటైనా పలుకుతుంది గాని, మిగిలిన సగం పేరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ పళ్ళు నాలుకను కదలనివ్వవు.

సాహిణి కళ్ళు తేలేసి కళ్ళెం వదిలేశాడు. భటులు వింజామరలు పారేసి ఎవరి దారిన వాళ్ళు పరుగెత్తారు.

"ఎక్కరా చూస్తావేం!" అంది శరభకేతు తల. నీలకేతు ఆకురాయి చేతబట్టుకునే ఒక్క గెంతులో అన్న వీపు మీదున్నాడు. "అబ్బ! నువ్వెంత బరువెక్కావురా నీలా! ఇక్కడ నేను ఏడాదిగా పస్తులుంటే అక్కడ నా వంతు కూడా నువ్వే తింటున్నావా?"

"అవ్వా, నువ్వూ రా!" అని నీలకేతు చెయ్యి చాచాడు.

సింగారవ్వ రెండు చేతులూ గుండెల మీద కొట్టుకుంటూ ఊరంతా వినిపించేలా, "ఎవడురా వీడు! మా అల్లుడు కాదు నాయనో! మా అల్లుడికి మెల్లకన్ను! వేషం కట్టి నన్నే మోసం సేసినాడు సూడండి!" అని శోకాలు పెట్టింది. పెడుతూనే, నోట్లోంచి చెక్క లాక్కోబోతున్న మాంత్రికుడి చేతులు పట్టుకుని, "కదలొద్దు సామీ, పన్ను ఇరుగుతాది!" అని ఇంకాస్త లోపలికి నొక్కింది. ఆమె ఓరచూపు ఒక్కటి చాలింది, తాను రాదనీ, తమను పొమ్మంటోందనీ నీలకేతుకు అర్థమైంది.

గుర్రపు కాళ్ళు శాల దాటాయి, అంగడివీధి దాటాయి. మిరపకాయల రాశి మీదుగా దూకితే వీధివీధంతా తుమ్ములు. మల్లెపూలమ్మే ఆవిడ తల పైకెత్తి, గుర్రం ముఖాన మీసం చూసి, పూలబుట్టతో సహా అక్కడే చతికిలబడింది. "బాగున్నావా అమ్మా?" అని శరభకేతు పోతూపోతూ పలకరించాడు. ఏడాదిగా ఎవరినీ పలకరించలేదాయె. కోటద్వారం తెరిచే ఉంది. దాని ముందు అగడ్త, అగడ్త మీద కర్రవంతెన, ఆవల అడవి.

అప్పుడే వెనక ఆకాశంలో ఉరుము ఉరిమినట్టు గొంతు వినిపించింది. ఘర్ఘరుడి నోట్లోంచి చెక్క ఊడింది.

"పొండి, పొండి! పొద్దుగూకేలోగా మిగతా సగం పలక్కపోతే, పలికిన సగమూ పోతుందిరోయ్! తలతో సహా గుర్రమే!" ఆ వెంటనే మంత్రం. వంతెన మధ్యభాగం ఇరవై అడుగుల మేర నల్లటి పొగై తేలిపోయింది. కింద అగడ్తలో మొసళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ మూగాయి. వెనక వీధిలో వంద గుర్రాల డెక్కల చప్పుడు.

విరిగిన వంతెన అంచుకు ఇంకా యాభై అడుగులుండగా గుర్రపు కాళ్ళు నెమ్మదించాయి.

"దూకు అన్నయ్యా!"

"నన్నడిగితే ఏం లాభంరా! తల ఒక్కటే నాది. ఈ కాళ్ళు నా మాట వినవు. ఏడాదిగా వీటికి తెలిసిన భాష ఒకటే, రౌతు మడమ. తన్ను!"

నీలకేతు పై ప్రాణాలు పైనే పోయాయి. పుట్టి బుద్ధెరిగాక అన్న నీడను కూడా కాలితో తొక్కింది లేదు. పొరపాటున కాలు తగిలితే వంగి తాకి, కళ్ళకద్దుకుని, మూడుసార్లు తప్పు చెప్పుకునేవాడు. అమ్మ నేర్పిన మొట్టమొదటి బుద్ధి అది.

"అన్నను తన్నడమా! నావల్ల కాదు అన్నయ్యా. నిన్ను... కాలితో..."

"ఇప్పటిదాకా నా నడ్డి మీద కూర్చుని ఊరేగావు, అప్పుడు గుర్తు రాలేదా? ఒరేయ్, కిందవి చేపలు కావురా! ఎదురు మాట్లాడకు, అన్నగా ఆజ్ఞాపిస్తున్నాను, తన్నరా నీలా!"

నలభై అడుగులు. ముప్పై. నీలకేతు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "క్షమించు అన్నయ్యా, క్షమించు అన్నయ్యా, క్షమించు అన్నయ్యా," అని మూడుసార్లూ ముందే అనేసి, రెండు మడమలూ కూడగట్టి అన్న డొక్కల్లో శక్తికొద్దీ తన్నాడు.

"అమ్మా!" అని శరభకేతు తల అరిచింది. కాళ్ళు మాత్రం మాట విన్నాయి. పది అంగల్లో అంచు చేరి, వెనకకాళ్ళు ముడుచుకుని, వంతెనను వదిలి గాల్లోకి లేచాయి. కింద పచ్చటి నీళ్ళు గిర్రున తిరిగాయి, మొసళ్ళ నోళ్ళు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ముందు ఆవలి అంచు చాలా దూరంగా, చాలా సన్నగా కనిపించింది.

అంత ఎత్తున, నేలా ఆకాశమూ కాని ఆ చోట, నీలకేతు, ఆవల దిగాక అన్న ఎడమపళ్ళు అరగదీయాల్సిన ఆకురాయిని పళ్ళతో కరుచుకుని, పక్కకు వంగి, తన మడమ తగిలిన చోట అన్న డొక్కను చేత్తో తాకి భక్తిగా కళ్ళకద్దుకున్నాడు.

"దణ్ణాలు తర్వాత పెట్టుకుందువుగాని," అని అరిచాడు శరభకేతు, "ముందు జూలు పట్టుకోరా!"